రాళ్లకు మెరుగు

ఒకప్పుడు ఆడపిల్లలున్న ఏ ఇంట్లో చూసినా గూట్లో అయిదు గులకరాళ్లు ఉండేవి. అచ్చనగిల్లలాడుకోవడానికి ఏటి ఇసుకలో వెతికి తెచ్చుకున్నవి. గరుకుగా ఉంటే అరచెయ్యి గీరుకుపోతుంది. పెద్దవైతే గుప్పిట పట్టవు. నున్నగా, గుండ్రంగా ఉన్నవే కావాలి. రాయిని నున్నన చేసే పని ఏరు ఎప్పుడో చేసిపెట్టింది. దాన్ని గుర్తుపట్టడమే పిల్లల పని.

ఏరు చేసే ఈ పనిని ఇంట్లోనే చేసుకోవడం ఈ రోజుల్లో ఒక సరదా. ఒక చిన్న రబ్బరు పీపా, దాన్ని మెల్లగా తిప్పే మోటారు ఉంటే చాలు. పీపాలో మూడింట రెండు వంతులు రాళ్లు పోసి, గరుకు పొడి వేసి, నీళ్లు పోసి మూత బిగిస్తారు. రాత్రీ పగలూ అది తిరుగుతూనే ఉంటుంది. వారం తర్వాత రాళ్లు శుభ్రంగా కడిగి ఇంకొంచెం మెత్తని పొడి, మరో వారానికి ఇంకా మెత్తనిది, ఆఖరున మెరుగు పొడి. నెలరోజులు పడుతుంది. కూర వండినంత తొందరగా కాదు గానీ, ఊరగాయ ఊరినంత ఓపికుంటే చాలు! ఇంకో మాట కూడా ఊరగాయకు వర్తించేదే: గట్టివీ మెత్తవీ కలిపి వెయ్యకూడదు. జర్మన్ శాస్త్రజ్ఞుడు మోస్ 1812లో రాళ్ల గట్టితనానికి ఒకటి నుంచి పది వరకు మెట్లు కట్టాడు. అందులో పలుగురాయి ఏడో మెట్టు, పాలరాయి మూడో మెట్టు. రెండింటినీ ఒకే పీపాలో వేస్తే పలుగురాయి మెరిసే లోపల పాలరాయి సగం అరిగి కూర్చుంటుంది. పీపాలో మిగిలిన బురదను తూములో పొయ్యకండి. అది సిమెంటులా గడ్డకడుతుంది.

ఇదంతా పరదేశపు వేడుక అనుకుంటే పొరపాటే. గుజరాతులోని ఖంభాత్‌లో అకీకు పూసలు చేసేవాళ్లు మోటార్లు రాకముందే ఈ కిటుకు తెలిసినవాళ్లు. తోలుసంచిలో పూసలు, గరుకు పొడి, నీళ్లు పోసి మూతి కట్టి, ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని సంచిని అటూ ఇటూ దొర్లించేవారు. పది పదిహేను రోజులు అదే పని. పీపా అక్కర్లేదు, మనుషుల చేతులే పీపా! అదే ఊళ్లో పొడిగా రాయి అరగదీసేవాళ్ల ఊపిరితిత్తుల్లో ఆ దుమ్ము చేరి సిలికోసిస్ అనే జబ్బు ప్రాణాలు తీసింది. మెడలో మెరిసే పూస వెనక ఆ దగ్గు కూడా ఉందని మరచిపోకూడదు. ఇంట్లో సరదాకి చేసుకునేవాళ్లు కూడా రాయిని తడిపే అరగదియ్యాలి గానీ పొడిగా కాదు.

ఇక ఆ గరుకు పొడి సంగతి. 1890లలో అమెరికాలో ఎడ్వర్డ్ అచిసన్ కొలిమిలో సిలికాన్ కార్బైడ్ తయారుచేసేదాకా ఈ పనికి పెద్దదిక్కు మన కురువిందమే. వజ్రం తర్వాత అంత గట్టిది అదే, తొమ్మిదో మెట్టు. ఇంగ్లీషులో కొరండం అనే మాట మన దక్షిణాది నోళ్ల నుంచి వెళ్లిందే. 1798లో చార్లెస్ గ్రెవిల్ అనే ఆయన లండన్ రాయల్ సొసైటీలో ఈ రాయి గురించి పెద్ద వ్యాసమే చదివాడు. కురువిందం పొడిని లక్కలో కలిపి చక్రంగా పోసి, దానిమీద కత్తులకూ రత్నాలకూ సానపట్టడం మన పనివాళ్లకు కొత్త కాదు. సానపెట్టిన బుద్ధి అనీ, సానపట్టని వజ్రమనీ మనం ఊరికే అనుకోలేదు.

ఇప్పుడు మన తిరుపతికి వద్దాం. తిరుమల కొండల మీద కనిపించే ఎర్రని, పసుపుపచ్చని బండ ఒకనాటి ఇసుక. అడుగున పడి, బిగుసుకుని, క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయిగా మారింది. దాని కింద ఉన్నది అంతకంటే ఎన్నో కోట్ల ఏళ్ల ముందటి గ్రానైట్. ఘాట్ రోడ్డులో ఒకచోట ఈ రెండూ కలిసే గీత కంటికి కనిపిస్తుంది. కొండెక్కేటప్పుడు గోవిందా అంటూనే ఒక్కసారి అటు చూడండి. ఆ బండలు విరిగి, వానల్లో దొర్లి, వాగుల్లో నున్నబడి స్వర్ణముఖి లోయలో గులకలుగా పరుచుకున్నాయి.

ఆ గులకలను ఏరినవాళ్లలో అచ్చనగిల్లల పిల్లలు మొదటివాళ్లు కారు. రేణిగుంట దగ్గర రాళ్లకాలువ అనే వాగు ఉంది. పేరులోనే రాళ్లున్నాయి! 1960లలో ఎం.ఎల్.కె. మూర్తిగారు ఆ వాగు ఒడ్డుల్లో పాతరాతియుగపు చివరి కాలం నాటి పనిముట్లు గుర్తించారు. క్వార్ట్‌జైట్ రాయి నుంచి నైపుణ్యంతో చీల్చి తీసిన సన్నని పొడుగు పెచ్చులు, ఉలిమొనలాంటి ముక్కలు. పదివేల ఏళ్లకు పైమాటే. అంతకు వందేళ్ల ముందు, 1863లో, రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు మద్రాసు దగ్గర పల్లావరంలో ఒక రాతి పనిముట్టు ఏరి చూసి, ఇది మనిషి చేసిందే అన్నాడు. అదే ఏడు విలియం కింగ్‌తో కలిసి అత్తిరంపాక్కంలో మరెన్నో కనుగొన్నాడు. అది మన నగరికి మరీ దూరమేమీ కాదు. అక్కడి పనిముట్లలో పాతవి పదిహేను లక్షల ఏళ్ల నాటివని 2011లో తేల్చారు.

ఆ పనిముట్లను చెక్కారు, అంతే. నున్నన చేసింది తర్వాతివాళ్లు. సుమారు అయిదువేల ఏళ్ల కిందట పశువులను పెంచి, గింజలు పండించిన నవీన శిలాయుగంవాళ్లు నల్లరాతి గొడ్డళ్లను ముందు చెక్కి, తర్వాత బండమీద నీళ్లు చల్లి రుద్ది రుద్ది మెరుగుపెట్టారు. రుద్దగా రుద్దగా బండల మీద పడిన గాడులు బళ్లారి దగ్గర సంగనకల్లు ప్రాంతంలో నేటికీ ఉన్నాయి. ఆ గొడ్డళ్లు దున్నేటప్పుడు బయటపడితే, ఆకాశం నుంచి పడిన పిడుగురాళ్లని జనం భక్తితో చెట్టు కింద పెట్టి దణ్ణం పెట్టుకునేవారు. ఇనుపయుగం వచ్చాక కుండలను కూడా కాల్చే ముందు నున్నటి గులకరాయితో రుద్ది నిగనిగలాడించారు. ఆ రాయి పట్టి రుద్దింది ఏ అమ్మ చెయ్యో, చరిత్రలో పేరు లేదు గానీ మెరుగు మాత్రం మిగిలింది.

ఆ విద్య ఎంత ఎత్తుకు వెళ్లిందో చూడాలంటే ఏర్పేడు దగ్గర గుడిమల్లానికి వెళ్లాలి. స్వర్ణముఖి ఒడ్డున పరశురామేశ్వరుడి గుడిలో అయిదడుగుల ఎత్తు లింగం, దానిమీదే చెక్కిన శివుడు. క్రీస్తుకు ముందు ఒకటి రెండు శతాబ్దాల నాటిదని చాలామంది పండితుల మాట. గట్టి ముదురు గోధుమరంగు రాయి, నిగనిగలాడే మెరుగు. టి.ఎ. గోపీనాథరావుగారు 20వ శతాబ్దం తొలినాళ్లలో దాన్ని లోకానికి తెలియజెప్పారు. 1973లో పురావస్తు శాఖవాళ్లు గర్భగుడిలో తవ్వి చూశారు. రెండువేల ఏళ్ల అభిషేకాలు తట్టుకున్న మెరుగు అది!

ఇంతకూ ఈ కథంతా ఎందుకంటే, పీపా తిప్పబోయే ముందు మీ చేతిలోని రాయిని ఒక్కసారి తిప్పి చూడమని. పురావస్తు పండితులు ఒక పెచ్చు దొరకగానే ముందు చూసేది దాని అంచులు. అంచు పదునుగా ఉంటే చేసినవాళ్లు ఆ చోటే వదిలివెళ్లారని అర్థం. అరిగిపోయి ఉంటే ఏరు ఎక్కడి నుంచో దొర్లించి తెచ్చిందని. ఆ అంచే దాని నోరు. మన పీపా నెల రోజుల్లో ఆ నోరు మూసేస్తుంది. ఆ తర్వాత అది అందమైన రాయే గానీ, మాట్లాడలేని రాయి.

ఒకవైపు వరసగా పెచ్చులు లేచి, చేతిలో ఇమిడినట్టుండి, అంచు కొయ్యడానికి సిద్ధంగా ఉన్న రాయి కనిపించిందా? ఉన్నచోటే ఉంచి, ఆ చోటు పేరు కాగితం మీద రాసుకోండి. శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ప్రాచీన చరిత్ర చెప్పే శాఖ ఉంది, వాళ్లకు తెలియజెయ్యండి. ఫుట్ జీవితమంతా ఏరిన రాళ్లను 1904లో మద్రాసు మ్యూజియం తీసుకుంది. వాటికి విలువ తెచ్చింది మెరుపు కాదు, ఏది ఎక్కడ దొరికిందో ఆయన రాసిపెట్టుకున్న చీటీలు.

మిగతా గులకలన్నీ మీవే. పలుగురాయిలో పాలమబ్బు తేలినట్టుండే తెలుపూ, క్వార్ట్‌జైట్‌లోని ఎర్రచారలూ నాలుగు వారాల తర్వాత కడిగి చూస్తే కళ్లు జిగేలుమంటాయి. అయిదు తీసి పక్కన పెట్టండి. అచ్చనగిల్లలు ఎలా ఆడాలో మనవరాలికి చూపించవద్దూ?