21 శ్రేణులు, 18 ఫణాలు

1791 మార్చి 7న బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ సైన్యం బెంగళూరు పేటలోకి చొరబడింది. ఆ పోరులో కర్నల్ మూర్‌హౌస్ ప్రాణం పోయింది. మరో రెండు వారాలకు, 21వ తేదీ రాత్రి, కోట కూడా మైసూరు పాలకుడు టిప్పు సుల్తాన్ చేయి జారింది. అదే మార్చి నెలలో పారిస్‌లో ఫ్రెంచి జాతీయ సభ అలార్డ్ అనే సభ్యుడు ప్రతిపాదించిన చట్టాన్ని ఆమోదించి, వందల ఏళ్లుగా నడిచిన వృత్తి శ్రేణులను రద్దు చేసింది. జూన్‌లో వచ్చిన లె షాపెలియే చట్టం పనివాళ్లు సంఘంగా ఏర్పడడాన్నే నిషేధించింది. బెంగళూరు యుద్ధానికీ పారిస్ చట్టాలకూ సంబంధమేమీ లేదు. కానీ పారిస్‌లో చట్టం రద్దు చేసినదీ, బెంగళూరులో ఫిరంగులు కూల్చలేకపోయినదీ ఒకే జాతికి చెందిన వ్యవస్థ: ఊరిని చేతివృత్తుల వారీగా విభజించి, ఆ వృత్తి ద్వారానే మనిషికి గుర్తింపూ, రక్షణా, కట్టుబాటూ ఇచ్చే ఏర్పాటు.

యూరపులో దీని పూర్తి రూపం 13వ శతాబ్దంలో కనిపిస్తుంది. పారిస్ నగరాధికారి ఎతియెన్ బ్వాలో 1268 ప్రాంతంలో సుమారు వంద వృత్తుల నియమాలను ఒక గ్రంథంగా రాయించాడు. ఎందరు శిష్యులను పెట్టుకోవచ్చు, ఎన్నేళ్లు నేర్పాలి, దీపపు వెలుతురులో పని చేయవచ్చా, కల్తీకి జరిమానా ఎంత, అన్నీ అందులో ఉన్నాయి. చీకట్లో చేసిన పనిలో నాణ్యత ఉండదని చాలా శ్రేణులు రాత్రిపనిని ఒప్పుకోలేదు. పట్టు వడికే ఆడవాళ్లకు సొంత నియమావళులు ఉండడం అందులో నాకు అన్నిటికన్నా విలువైన సంగతి. జర్మనీలోని కొలోన్ నగరంలో కూడా 15వ శతాబ్దంలో పట్టుపని చేసే స్త్రీలు సొంత శ్రేణి నడిపారు.

ఫ్లోరెన్సులో శ్రేణి నేరుగా రాజ్యాధికారాన్ని అందుకుంది. అక్కడ ఏడు పెద్ద శ్రేణులు, పద్నాలుగు చిన్నవి, మొత్తం 21. 1293 నాటి శాసనాల తర్వాత శ్రేణిలో పేరు లేనివాడికి నగర పదవి లేదు. మహాకవి డాంటే అంతటివాడు వైద్యుల, మందుల వర్తకుల శ్రేణిలో చేరాల్సి వచ్చింది. అయితే ఆ నగరానికి సిరులు తెచ్చిన ఉన్ని పరిశ్రమలో దువ్వెన పట్టిన కూలీలకు మాత్రం శ్రేణి లేదు. 1378లో వాళ్లు తిరగబడి తమకూ ఒకటి సాధించుకున్నారు. కొన్ని వారాలకే దాన్ని రద్దు చేశారు. యూరపు నగర స్వాతంత్ర్యం గురించి గొప్పగా చెప్పేటప్పుడు ఆ కొన్ని వారాలను వదిలిపెట్టకూడదు.

బెంగళూరు చాలా తరువాతిది. విజయనగర సామంతుడు కెంపేగౌడ 1537లో మట్టికోట కట్టి, దాని పక్కన పేట వేశాడు. దొడ్డపేట, చిక్కపేట కలిసే చోట నాలుగు జతల ఎద్దులకు నాగళ్లు కట్టి నాలుగు దిక్కులకూ తోలించాడని, ఆ చాళ్లే వీధులయ్యాయని జనం చెప్పుకుంటారు. ఆ కథ ఎలా ఉన్నా పేటల పేర్లు అసలు సంగతి చెబుతాయి: పత్తికి అరళెపేట, బియ్యానికి అక్కిపేట, ధాన్యానికి తరగుపేట, గానుగవాళ్లకు గాణిగరపేట, కుమ్మరులకు కుంబారపేట, గాజులకు బళేపేట. తెలుగు ఈ ఊళ్లో మొదటినుంచీ ఉంది. గంగాగౌరీవిలాసమనే తెలుగు యక్షగానం కెంపేగౌడ పేరిటే ఉంది. తొగటలు, దేవాంగులు, పద్మశాలీలు, బలిజలు, వైశ్యులు తెలుగు మాట్లాడుతూనే ఈ వీధుల్లో మగ్గం వేశారు, కొట్టు తెరిచారు.

ఫ్లోరెన్సుకూ బెంగళూరుకూ తేడా ఎక్కడుందో ఒక నాణెం చూపిస్తుంది. ఫ్లోరెన్సు 1252లో సొంతంగా బంగారు ఫ్లోరిన్ ముద్రించింది. యూరపంతా ఆ నాణేన్ని నమ్మింది. కెంపేగౌడ మాత్రం అనుమతి లేకుండా నాణెం వేయించినందుకు విజయనగర ప్రభువుల చెరలో ఐదేళ్లు గడిపాడని చెబుతారు. ఇక్కడ పట్టణం ఎప్పుడూ ఎవరో ఒకరి ఆస్తి. 1638లో బీజాపూరు సైన్యం గెలిచాక శహాజీ భోంస్లేకు జాగీరైంది. 1687లో మొగల్ సేనాని ఖాసిం ఖాన్ పట్టుకున్నాడు. తర్వాత 3 లక్షల రూపాయలకు మైసూరు చిక్కదేవరాజ ఒడెయరు చేతికి వచ్చిందంటారు. 1759లో హైదరాలీకి జాగీరైంది. ఊళ్లు కొనడం ఇక్కడి వింత కాదు. ఫ్లోరెన్సు కూడా 1384లో అరెజ్జో నగరాన్ని 40,000 ఫ్లోరిన్లకు కొనుక్కుంది. కాకపోతే అక్కడ కొనుగోలుదారు ఒక నగరం, ఇక్కడ ఒక రాజు. యూరపులో చాలా పట్టణాలు రాజు దగ్గర రాతపూర్వకమైన హక్కుపత్రం సంపాదించి, తమ కోర్టు, తమ ఖజానా, తమ ముద్ర నిలబెట్టుకున్నాయి. బెంగళూరు పేటకు అలాంటి పత్రం రాలేదు.

మరి పేటను నడిపిందెవరు? ఫణాలు. ఫణమంటే ఒక వృత్తికులం. మైసూరు సీమలో ఈ కులాలు కుడిచేయి, ఎడమచేయి అని రెండు పక్షాలు. కుడిపక్షంలో వర్తకులైన బణజిగలు ముందుండే 18 ఫణాలు, ఎడమపక్షంలో కంసాలి, కమ్మరి వంటి పనివాళ్లైన పాంచాలులు ముందుండే 9. పద్మశాలీలు కుడిపక్షం, దేవాంగులు ఎడమపక్షం. ఒకే మగ్గం, ఒకే నూలు, రెండు పక్షాలు! 1800లో స్కాట్లండు వైద్యుడు ఫ్రాన్సిస్ బుకానన్ బెంగళూరు వచ్చి ఇవన్నీ ఓపికగా రాసుకున్నాడు. 1807లో ఆయన ప్రయాణ గ్రంథం మూడు సంపుటాలుగా వచ్చింది. పాంచాలుల పందిరికి పన్నెండు గుంజలు ఉండరాదు, పదకొండే ఉండాలి, వాళ్లు ఊరేగింపులో గుర్రమెక్కరాదు, హనుమంతుడి జెండా పట్టరాదు అని కుడిపక్షం పంతం. వాటికోసం తలలు పగిలేవి.

దీన్ని కేవలం మన మూఢత్వంగా చూడడం అన్యాయం. లండన్‌లో బట్టలు కుట్టేవారి శ్రేణీ, బొచ్చుతోళ్ల వర్తకుల శ్రేణీ ఊరేగింపులో ఆరో స్థానం ఎవరిది, ఏడోది ఎవరిదని పోరాడి పోరాడి, 1484లో మేయరు తీర్పుతో ఏడాదికొకరు మార్చుకోవడానికి ఒప్పుకున్నారు. పందిరి గుంజైనా ఊరేగింపు వరుసైనా అక్కడ తేలేది నలుగురిలో మనిషి స్థానం. కానీ లండన్ తగవును తీర్చడానికి నగరానికే ఒక మేయరు ఉన్నాడు. బెంగళూరు తగవు రాజోద్యోగి దాకా పోవాల్సిందే.

రెండో తేడా మరింత లోతైనది. శ్రేణిలోకి నేర్చుకుని ప్రవేశించవచ్చు. పల్లెటూరి కుర్రాడు ఏడేళ్లు శిష్యరికం చేసి పనివాడై, ఆపైన యజమాని కావచ్చు. 16, 17 శతాబ్దాలకు చాలా చోట్ల ఆ తలుపు యజమానుల కొడుకులకూ అల్లుళ్లకూ మాత్రమే తెరుచుకుంది. ఆడవాళ్లను ఒక్కో వృత్తి నుంచీ బయటికి నెట్టారు. 1776లో ఆడం స్మిత్ ఈ శిష్యరికం నియమాలను దుయ్యబట్టాడు. అయినా తలుపంటూ ఒకటుంది. ఫణానికి ఆ తలుపే లేదు, పుట్టుకే ప్రవేశపత్రం. ఇక అట్టడుగున మరో అన్యాయం. ఫ్లోరెన్సు ఉన్ని కూలీలను శ్రేణుల లెక్కలోంచే తీసేసింది. ఇక్కడ హొలెయలను 18 ఫణాల జాబితాలో, మాదిగలను 9 ఫణాల జాబితాలో చివర చేర్చి, ఊరి బావి దగ్గరికి మాత్రం రానివ్వలేదు. పక్షాల కొట్లాటలో ముందు దెబ్బలు తిన్నది వాళ్లు. గెలిచిన గౌరవంలో వాటా వాళ్లకు రాలేదు.

పని నడిచిన తీరు మాత్రం రెండు చోట్లా ఆశ్చర్యకరంగా దగ్గర. బెంగళూరు చుట్టుపక్కల వారపు సంతల్లో బ్రాహ్మణులు తప్ప మిగతా అన్ని కులాల పేద స్త్రీలు పత్తి కొని, ఇంట్లో వడికి, ఆ నూలును నేతగాళ్లకు అమ్మేవారని బుకానన్ రాశాడు. ఎగుమతి బట్ట కోసం వర్తకుడు బయానా ఇచ్చేవాడు, అది తీరేదాకా నేతగాడు అతనికి కట్టుబడేవాడు. దక్షిణ జర్మనీ పల్లెల్లో కూడా వర్తకులు నేతగాళ్లకు పెట్టుబడి పెట్టి పని చేయించుకున్నారు. శ్రేణిని లోపలినుంచి తొలిచింది ఈ వర్తకుడే. చట్టం ఆ తర్వాత వచ్చింది.

1809లో కంటోన్మెంటు వెలిశాక బెంగళూరు రెండు ఊళ్లైంది, 1949లో గాని ఒకే కార్పొరేషను కాలేదు. 1898 ప్లేగు పేట ఇరుకును బయటపెట్టింది. మల్లేశ్వరం, బసవనగుడి విస్తరణలు ఆ భయంతో పెరిగాయి. అయినా ఫణాలను రద్దు చేస్తూ ఇక్కడ ఎవరూ చట్టం చేయలేదు. అవి పందిరి గుంజల తగవు వదిలి, హాస్టళ్లకూ బడులకూ చందాలు పోగుచేసే సంఘాలయ్యాయి. 1906లో వొక్కలిగర సంఘం ఏర్పడింది. లండన్ శ్రేణులూ ఈ దారినే నడిచాయి. బట్టలు కుట్టేవారి శ్రేణి 1561లో పెట్టిన బడి నేటికీ ఉంది. కానీ మైసూరు సంఘాలు బడితో ఆగలేదు. బ్రాహ్మణేతరులకు సర్కారు కొలువుల్లో చోటేదని నిలదీశాయి. 1918లో నాల్గవ కృష్ణరాజ ఒడెయరు న్యాయమూర్తి మిల్లర్ అధ్యక్షతన కమిటీ వేశారు. వెనకబడిన వర్గాలకు ఉద్యోగాల్లో, చదువులో ప్రత్యేక అవకాశాలివ్వాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. పారిస్‌లో సమానత్వం పేరిట సంఘాలను తీసేస్తే, ఇక్కడ ఆ సంఘాలే సమానత్వాన్ని అడిగాయి.