కాన్పుల వార్డులో మా అవ్వ

ఆదోని చరిత్రను చెప్పబూనిన వారెవ్వరైనను మొదట యాదవగిరి దుర్గమును, విజయనగర ప్రభువుల కాలమున దానికి గల ప్రాబల్యమును, తరువాత బిజాపురము పక్షమున ఇచ్చట పాలకుడై జామియా మసీదును కట్టించిన సిద్ది మసూద్ ఖానును, పిమ్మట బసాలత్ జంగు కొలువును, 1786లో టిప్పు సుల్తాను వేసిన ముట్టడిని, 1800లో నిజాము ఈ సీమను కుంఫిణీవారికి వదలుకొనుటను వరుసగా వర్ణించి, అటుపైన పత్తి వ్యాపారమును, జిన్నింగు మిల్లులను, బట్టల బజారును చూపి, రెండవ బొంబాయి యని మా ఊరికి వచ్చిన పేరును సగర్వముగా చెప్పి ముగింతురు. ఇవన్నియు నిజములే, నాకును ప్రియములే. అయినను ఈ ఊరివారును, చుట్టుపట్ల పల్లెలవారును ఎవరి చేతులలో మొదట పడి కన్నులు తెరచిరో ఆ స్త్రీల ప్రసక్తి ఆ చరిత్రలలో నాకు కానరాలేదు. అట్టివారిలో ఒకతె మా అవ్వ. ఆమె సర్కారాసుపత్రి కాన్పుల వార్డులో జీవితమున సగభాగము ఆయమ్మగా పనిచేసెను.

మహామారులకును కరువులకును మా సీమలో లెక్కలు గలవు. మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో, దత్తమండలములను కడసారి చూచిపోవలెనని వచ్చి, మాకు చేరువలోని పత్తికొండలో కలరా సోకి 1827 జూలై 6వ తేదీన మరణించుట చరిత్ర కెక్కినది. 1876లో మొదలై రెండేండ్లు పీడించిన ధాత కరువు నాడు ఆదోని బళ్ళారి జిల్లాలో నుండెను. ఆ జిల్లా పడిన క్షోభ దొరతనము వారి నివేదికలలో నున్నది. కాని కాన్పు గదిలో పోయిన తల్లుల లెక్కను, పురిటి మంచముపై ఏడెనిమిది దినములు బ్రదికి హఠాత్తుగా పాలు త్రాగుట మాని, దవడలు బిగిసి, విల్లువలె వంగి ప్రాణము విడిచిన పసికందుల లెక్కను వ్రాసి యుంచిన వారెవరు? కొడవలితో బొడ్డు కోసి, గాయముపై పొయ్యి బూడిదయో పేడయో అద్దుట నాటి యాచారము; అందుండి వచ్చు ధనుర్వాతమును జనులు గాలి సోకినదనిరి. మంత్రసానులను నేను నిందింపను. వారికి సహనమున్నది, చేతిలో నేర్పున్నది. నీటిని మరగించవలెనని చెప్పువారు మాత్రము లేకపోయిరి.

మా అవ్వ ఎమ్మిగనూరు నేతవారి ఆడపడుచు. 1938లో మాచాని సోమప్పగారు అచ్చట చేనేతవారి సహకార సంఘమును నెలకొల్పిన తరువాత వారి ఇంటి మగ్గము నిలకడగా నడచెనని ఆమె తరచుగా చెప్పుచుండెను. చిన్ననాడే పడుగు తెగిన చోట పోగును అతుకుట నేర్చిన వ్రేళ్ళు ఆమెవి. చిన్న వయసుననే భర్తను పోగొట్టుకొని, చంకబిడ్డతో ఆదోనికి వచ్చి, ఆసుపత్రిలో ఊడ్చుటకును కడుగుటకును కుదిరిన ఆమెను, ఆ వ్రేళ్ళ పొందికను చూచియే కాబోలు, ఒక డాక్టరమ్మ కాన్పుల వార్డులోనికి మార్చెను.

నేను బాలుడనై యుండగా జొన్నరొట్టె, పప్పు మూటగట్టుకొని సాయంకాలము ఆమెకు ఇచ్చి రావలసి యుండెను. అప్పటి దృశ్యము నాకు స్పష్టముగా జ్ఞాపకమున్నది: స్టవ్వుపై అల్యూమినియపు గిన్నెలో నీరు తెర్లుచుండును, బొడ్డు కట్టెడి దారమును జానెడు జానెడు త్రుంచి, ఒక్కొక్కదానిని చిన్న చుట్టగా చుట్టి ఆమె అందులో వేయును, వేసిన పిదప గోడ గడియారము వంక చూచును. ఆమెకు అక్షరములు రావు గాని గడియారము వచ్చును. నర్సమ్మ తొందరించినను, పెద్ద ముల్లు తాను గుర్తు పెట్టుకొన్న అంకెను చేరునందాక ఆ గిన్నె మూత తీయనిచ్చెడిది కాదు.

కోసిగి, కౌతాళము, హొళగుంద ప్రాంతములనుండి బండ్లపై వచ్చు చూలాండ్రలో కొందరికి కన్నడమే ఇంటి భాష. కోట దిగువ వీధులనుండి వచ్చువారికి ఉర్దూ. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రముతో పాటు మేము బళ్ళారినుండి విడివడి కర్నూలు జిల్లాలో చేరితిమి గాని, నొప్పులు పడుచున్న స్త్రీకి జిల్లా హద్దులతో పనియేమి? "భయపడొద్దు తల్లీ" అని ఒకతెను, "హెదరబేడ తాయీ" అని వేరొకతెను, "డరో నక్కో బేటీ" అని ఇంకొకతెను, ఒకే కంఠముతో ఒకే రాత్రి ఆమె పలుకరించుట నేను విన్నాను. కాన్పు కొరకు పల్లెజనులు ఆసుపత్రికి వచ్చుట భవనముల వలన, మందుల వలన అలవడినదని కొందరందురు. లోపల మన మనిషి యొకతె యున్నదను ధైర్యమే వారిని గడప దాటించినదని నా నిశ్చితాభిప్రాయము.

వానలు తప్పిన యేడు మా పడమటి పల్లెలు సుగ్గికి, అనగా వలస కూలికి, పోవును. గుంటూరు వైపు మిరప చేలలో నెలల తరబడి కాయలు కోసి, నిండు చూలుతో తిరిగివచ్చు స్త్రీలు రక్తహీనులై తెల్లగా పాలిపోయి యుందురు. అట్లు వచ్చిన కోసిగి వైపు పడుచు ఒకతె బిడ్డను కన్న రాత్రి, ఆమె అత్త కొంగుముడిలో బూడిద తెచ్చియుండెను.

"బొడ్డు మీద ఇంత ఎయ్యనీ అక్కా, మా ఇంటి ఆచారం" అని బ్రతిమాలెను.

మా అవ్వ కసరలేదు. "ఈ దారం మడిగా ఉడకబెట్టినా వదినా. దాని మీద బూడిద పడితే మడి పోతాది. బొడ్డు ఊడిపోయినాక నీ ఇష్టం" అనెను. ముసలామె క్షణకాలము ఆలోచించి, బయటికి పోయి కొంగు దులుపుకొని వచ్చెను.

ఉద్యోగ విరమణానంతరము వీధివారు కాన్పులకు ఇంటికే రమ్మని పిలిచెడివారు. డబ్బు ఇత్తుమనిరి, చీర పెట్టుదుమనిరి. ఆమె ఒక్కనాడును ఒప్పుకొనలేదు. "ఇంట్లో పురుడు పొయ్యను. నడు, ఆసుపత్రికి నేనూ వస్తా" అని చెప్పులు తొడుగుకొని వెంట బయలుదేరెడిది. 2005లో రాష్ట్రమున 108 బండ్లు మొదలై, కొంత కాలమునకు మా వైపునకును వచ్చిన తరువాత, ఆ అంకెను గోడపై బొగ్గుతో నా చేత వ్రాయించెను.

2015లో మన దేశమున తల్లీబిడ్డల ధనుర్వాతము తొలగినదని ప్రకటన వెలువడినప్పుడు, ఆ వార్తను నేను పత్రికలో చదివి ఆమెకు వినిపించితిని. ప్రతి జిల్లాలోను, పుట్టిన వేయిమందికి ఒకటికన్న తక్కువగా కేసులున్నప్పుడే తొలగినట్లు లెక్కింతురని విశదీకరించితిని. మంచముపై లేచి కూర్చుండి, శ్రద్ధగా విని, "అట్లయితే యాడో ఒకటి ఉండనే ఉంటాది గదా. అది యా ఊర్లోనో కనుక్కోపో" అనెను.