జీర్ణాశయ క్యాన్సర్ శస్త్రచికిత్స: బిల్‌రోత్ నుండి రోబో వరకు

1. ఉపోద్ఘాతం

జీర్ణాశయ క్యాన్సర్‌కు శస్త్రచికిత్స చరిత్ర 140 ఏళ్లు దాటింది. ఈ కాలంలో పొట్టపై పెట్టే కోత క్రమంగా చిన్నదైంది. కోత తగ్గినంత మాత్రాన రోగి ఆయుర్దాయం పెరిగిందా అన్నది ఇక్కడ విచారణీయాంశం.

2. పొట్ట తెరచి చేసే శస్త్రచికిత్స

జీర్ణాశయపు కింది భాగాన్ని 1879లో పారిస్‌లో పెయాన్, 1880లో పోలిష్ వైద్యుడు రిడిగియర్ తొలగించారు. రోగులిద్దరూ వారం దాటి బ్రతకలేదు. 1881 జనవరి 29న వియన్నాలో థియొడోర్ బిల్‌రోత్ 43 ఏళ్ల స్త్రీకి చేసిన శస్త్రచికిత్స ఫలించింది. ఆమె కోలుకుంది, కాని సుమారు నాలుగు నెలలకు క్యాన్సర్ తిరగబెట్టి మరణించింది. శస్త్రచికిత్స ఫలించడం వేరు, వ్యాధి నయం కావడం వేరు అని ఆ తొలి విజయమే తెలియజేసింది.

కణితితోపాటు దాని చుట్టూ ఉన్న లింఫు గ్రంథులను కూడా తొలగించే పద్ధతిని 20వ శతాబ్దంలో జపాన్ వైద్యులు క్రమబద్ధం చేశారు. ఈ విస్తృత పద్ధతిని నెదర్లాండ్స్‌లో పరీక్షించినప్పుడు ఆసుపత్రి మరణాలు 4 శాతం నుండి 10 శాతానికి పెరిగాయి. అయితే 15 ఏళ్ల తరువాత చూస్తే, క్యాన్సర్ వల్ల మరణించినవారు పరిమిత పద్ధతిలో 48 శాతం కాగా, విస్తృత పద్ధతిలో 37 శాతమే. ఒక పద్ధతి విలువ తేలడానికి ఏళ్లు పడుతుందనడానికి ఇది నిదర్శనం.

3. లాపరోస్కోపీ, రోబో

1991లో జపాన్‌లో కితానో బృందం లాపరోస్కోపీ సాయంతో జీర్ణాశయ భాగాన్ని తొలగించింది. తొలిదశ రోగులపై కొరియాలో జరిగిన పరిశోధన ఫలితాలు 2019లో వెలువడ్డాయి. ఐదేళ్లు జీవించినవారు లాపరోస్కోపీలో 94.2 శాతం, పొట్ట తెరచిన పద్ధతిలో 93.3 శాతం. అంటే ఆయుర్దాయంలో చెప్పుకోదగిన భేదం లేదు.

అమెరికాలో 2000లో అనుమతి పొందిన డావిన్చీ రోబో తనంతట తాను కోయదు. శస్త్రవైద్యుడు కొంత దూరంలో కూర్చుని దాని చేతులను నడుపుతాడు. త్రిమితీయ దృశ్యం, మణికట్టులా తిరిగే పరికరాలు దాని సౌలభ్యాలు. అయితే 2016లో ప్రకటితమైన కొరియా అధ్యయనంలో లాపరోస్కోపీతో పోల్చినప్పుడు ఉపద్రవాలు దాదాపు సమానంగా ఉండగా, సమయం, ఖర్చు రోబోకే ఎక్కువయ్యాయి.

4. ముగింపు

కోత చిన్నదైతే రోగి త్వరగా కోలుకోవచ్చు. అది చిన్న మేలు కాదు. కాని ఆయుర్దాయాన్ని ప్రధానంగా నిర్ణయించేవి వ్యాధిని గుర్తించిన దశ, తొలగింపులోని సమగ్రత. రోబోకయ్యే అదనపు ఖర్చును రోగి భరించవలసి వచ్చినప్పుడు ఈ భేదాన్ని అతనికి వివరించడం వైద్యుని బాధ్యత. 1881లో బిల్‌రోత్ రోగి మరణం లేవనెత్తిన ప్రశ్న రోబోకూ వర్తిస్తుంది.