జపాను కార్ల విడిభాగాలు

జపాను కార్ల విడిభాగాలు అనగా టొయోటా, హోండా, నిస్సాన్, సుజుకీ, మాజ్డా, మిత్సుబిషి మొదలైన జపాను సంస్థల కార్లలో అరిగిన లేదా చెడిపోయిన వాటికి బదులుగా అమర్చే భాగాలు. ఇంజను ఆయిలు, కూలెంటు, బ్రేకు ఆయిలు వంటి ద్రవాలను కూడా వీటితో కలిపి చెప్పుకోవడం పరిపాటి. వీటిని కారు పేరును మాత్రమే చూసి కాక, ఛాసిస్ నెంబరును, విడిభాగపు నెంబరును, ద్రవపు ప్రమాణాన్ని బట్టి ఎన్నుకోవాలి.

నేపథ్యం

సుజుకీ సహకారంతో తయారైన తొలి మారుతి 800 కారు 1983 డిసెంబరులో కొనుగోలుదారునికి అందింది. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో ఇసుజు కర్మాగారం 2016లో ప్రారంభమైంది. భారతదేశంలో జపాను సంస్థల కార్లు విరివిగా ఉన్నందున వాటి విడిభాగాలు కూడా పలు రకాలుగా లభిస్తాయి.

రకాలు

* కారు సంస్థ తన పేరుతో అమ్మే అసలు భాగాలు.
* కారు సంస్థలకు భాగాలు సరఫరా చేసే తయారీదారులు తమ పేరుతో అమ్మేవి. డెన్సో (1949లో టొయోటా నుండి విడివడినది), ఐసిన్, అకెబోనో (బ్రేకులు), కె.వై.బి. (షాక్ అబ్జార్బర్లు), ఎక్సెడీ (క్లచ్), ఎన్.జి.కె. (స్పార్క్ ప్లగ్గులు) వీటిలో ప్రసిద్ధమైనవి.
* ఇతర సంస్థలు తయారుచేసేవి. వీటి నాణ్యత ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క విధంగా ఉంటుంది.
* పాత కార్ల నుండి విప్పి తీసినవి.

నెంబర్ల ప్రాముఖ్యత

ఒకే పేరుగల కారు వేరువేరు దేశాలలో వేరువేరు ఇంజనులతో, బ్రేకులతో అమ్ముడవుతుంది. జపానులో అమ్మకానికి తయారైన కార్లకు 17 అక్షరాల అంతర్జాతీయ నెంబరు ఉండదు. మోడల్ సంకేతము, దాని తరువాత వరుస సంఖ్య ఉంటాయి. టొయోటా విడిభాగపు నెంబరులో మొదటి 5 అంకెలు భాగపు జాతిని తెలుపుతాయి. ఉదాహరణకు 04465 అనగా ముందు బ్రేకు ప్యాడ్లు, 17801 అనగా ఎయిర్ ఫిల్టరు. ఆ తరువాతి అంకెలు అది ఏ కారుకు సరిపోతుందో నిర్ణయిస్తాయి.

జపాను పద్ధతిలో బ్యాటరీ పేరు కూడా ఒక సంకేతమే. 55బి24ఎల్ అన్నప్పుడు 55 సామర్థ్య శ్రేణి, బి వెడల్పు-ఎత్తుల తరగతి, 24 సెంటీమీటర్లలో సుమారు పొడవు, ఎల్ ధన ధ్రువం ఉండే వైపు. చివరి అక్షరం మారితే తీగలు అందవు. వాటిని తారుమారుగా బిగిస్తే ఎలక్ట్రానిక్ పరికరాలు కాలిపోగలవు.

స్పార్క్ ప్లగ్గులలో ఎన్.జి.కె., డెన్సో సంస్థల అంకె పెరిగినకొద్దీ ప్లగ్గు వేడిని త్వరగా వదులుతుంది. బాష్ సంస్థ అంకెలు ఇందుకు విరుద్ధం. కనుక అంకెను చూసి ఒక సంస్థ ప్లగ్గుకు బదులు మరొకటి వేయరాదు.

ద్రవాలు

* ఇంజను ఆయిలు: 0డబ్ల్యు-20 వంటి గుర్తులో మొదటి అంకె చలిలో, రెండవది వేడిలో ఆయిలు చిక్కదనాన్ని సూచిస్తాయి. ఓనర్స్ మాన్యువల్‌లో చెప్పిన చిక్కదనమే వాడాలి.
* కూలెంటు: జపాను సంస్థలు సాధారణంగా సిలికేట్లు లేని, ఫాస్ఫేట్లు గల కూలెంటును వాడతాయి. రంగును చూసి వేరొక రకాన్ని కలపరాదు. రంగు ప్రమాణం కాదు.
* సి.వి.టి. ద్రవం: ఈ గేరుబాక్సులో ఉక్కు బెల్టు, పుల్లీల మధ్య తగిన పట్టు ఉండాలి. మామూలు ఆటోమేటిక్ గేరు ద్రవం పోస్తే బెల్టు జారి గేరుబాక్సు పాడవుతుంది.
* బ్రేకు ఆయిలు: ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకానికి కొత్తగా ఉన్నప్పుడు కనీస మరుగు స్థానం 205 డిగ్రీల సెల్సియస్. తేమ చేరిన పిదప అది 140 డిగ్రీల వరకు తగ్గవచ్చు. చాలాకాలం క్రితం మూత తీసిన డబ్బాలోని ఆయిలు వాడరాదు.

భద్రత

పాత తలుపులు, అద్దాలు, దీపాలు పరిశీలించి కొనవచ్చును గాని, బ్రేకు ప్యాడ్లు, స్టీరింగు భాగాలు, ఎయిర్‌బ్యాగులు పాతవి కొనరాదు. జపానుకు చెందిన టకాటా సంస్థ ఎయిర్‌బ్యాగులలోని అమ్మోనియం నైట్రేటు వేడి, తేమల వలన క్షీణించి, బ్యాగు తెరుచుకునేటప్పుడు లోహపు ముక్కలు విరజిమ్మి పలువురు మరణించారు. పలు సంస్థలు కోట్లాది ఎయిర్‌బ్యాగులను వెనుకకు పిలిపించాయి. టకాటా 2017లో దివాలా తీసింది. పాత కారు కొన్నవారు ఛాసిస్ నెంబరును తయారీ సంస్థ వద్ద చూపించి, ఈ మార్పిడి జరిగినదీ లేనిదీ తెలుసుకోవాలి. మార్పిడి జరగకుంటే సంస్థ దానిని ఉచితంగా చేస్తుంది.