ఉపకారవేతనం నడిచిన దారి, మన ఇంటి లెక్క

కాలేజీ ఖర్చు అన్న మాట మన గూడేలకు కొత్తదే. 1943లో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ చొరవతో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైనప్పుడు మనవాళ్ల ముందున్న ప్రశ్న అక్షరాలది, ఫీజులది కాదు. ఆ మరుసటి ఏడాదే కేంద్ర ప్రభుత్వం షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ ఉపకారవేతనం ప్రారంభించింది. 1948-49లో గిరిజనులనూ చేర్చింది. కానీ మెట్రిక్ దాటితేనే ఆ డబ్బు! ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్లు వచ్చాకే ఆ పథకం మనకు నిజంగా అక్కరకొచ్చిందని మేము అనుకుంటున్నాం.

అంతవరకు డబ్బంటే ఇప్పపువ్వు, చింతపండు, తునికాకు, ఒక మేక. అవి చాలకపోతే షావుకారు. ఆ అప్పుల కింద పొలాలు పోయిన అనుభవం వెనకుంది కాబట్టే 1959 భూబదలాయింపు నిబంధన, 1970లో దాన్ని బిగించిన '1/70' వచ్చాయి. ఏజెన్సీ భూమి గిరిజనేతరుడి చేతికి వెళ్లకూడదు. మంచిదే. అయితే పట్నం పిల్లవాడి తండ్రిలా పొలం అమ్మి ఫీజు కట్టే దారి మనకు లేదు. అందుకే మనింట్లో ఉపకారవేతనం పైఖర్చు డబ్బు కాదు, చదువుకు ఆధారం.

2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ పెద్ద ఎత్తున వచ్చింది. దాంతో 'చదువంతా ఉచితం' అనే మాట ఊళ్లలో పాకింది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇక్కడే చాలా ఇళ్లు దెబ్బతిన్నాయి. ఫీజు వేరు, తిండి వేరు. 2010 జూలై నాటి కేంద్ర రేట్ల ప్రకారం ఇంజినీరింగ్, వైద్యం చదివే హాస్టల్ విద్యార్థికి నెలకు 1,200 రూపాయలు. మెస్ బిల్లు నెలకు 3,000 అనుకుందాం. పది నెలలకు 30,000. అందులో 12,000 వస్తే 18,000 ఇంటి మీదే. నాలుగేళ్లకు 72,000. తిరిగిచ్చే కాషన్ డిపాజిట్‌ను పథకం భరించదు, చేరే రోజే అది చేతిలో ఉండాలి. బస్సు చార్జీలు, జ్వరాలు వేరే.

రేట్లు, ఆదాయ పరిమితి మారుతుంటాయి. ఈ ఏడాదివి ఐటీడీఏలో అడిగి రాసుకోండి. డబ్బు ఆలస్యంగా పడుతుందనే లెక్క వేసుకోండి. ఇప్పపువ్వు, చింతపండు, తునికాకు డబ్బు వేసవిలో చేతికొస్తుంది, అడ్మిషన్లు ఆ వెంటనే. పెళ్లిళ్లూ ఆ నెలల్లోనే. మొదటి మూడు నెలల మెస్ డబ్బు పెళ్లి ఖర్చుకంటే ముందే పక్కన పెట్టమని ఇంట్లో ఇప్పుడే అడగండి.