కోమగాట మారు, మన రేవు

1914 మే 23న కోమగాట మారు అనే జపాను ఓడ 376 మంది ప్రయాణికులతో వాంకూవర్ రేవు చేరింది. వారిలో అత్యధికులు పంజాబీ సిక్కులు. అందరూ బ్రిటిష్ సామ్రాజ్య ప్రజలే. స్వదేశం నుంచి మధ్యలో ఆగకుండా వచ్చినవారికే ప్రవేశమని కెనడా 1908లోనే నియమం చేసింది. భారతదేశం నుంచి అలా నేరుగా నడిచే ఓడలు లేవు. జాతి పేరెత్తకుండానే జాతిని బట్టి తలుపు మూసే ఆ నేర్పును ఈనాటి ముసాయిదా రచయితలు సైతం మెచ్చుకొంటారేమో! ఓడ రెండు నెలలు రేవులోనే నిలిచిపోయింది. తిండికి, మంచినీటికి కటకటలాడిన ప్రయాణికులలో కొద్దిమందిని మాత్రమే దిగనిచ్చి, జూలై 23న యుద్ధనౌక కాపలాతో మిగిలినవారిని వెనక్కి పంపివేశారు.

తరువాతి ఘట్టాన్ని మనం అంతగా తలచుకోము. సెప్టెంబరు 29న ఓడ కలకత్తా సమీపాన బజ్‌బజ్ చేరేనాటికి, దేశంలోకి వచ్చేవారిని అదుపు చేసే ఆర్డినెన్సు సిద్ధంగా ఉంది. అది ఆ నెలలోనే వెలువడింది. ప్రయాణికులను నేరుగా పంజాబు రైలెక్కమన్నారు. వారు నిరాకరించారు. కాల్పులలో సుమారు 20 మంది మరణించారు. పరాయి రేవులో అక్కరలేనివారు సొంత రేవులో అనుమానితులయ్యారు.

కెనడా ప్రధాని ట్రూడో 2016లో పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. మన ఇంటి సంగతి అంత సులువుగా తేలదు. విదేశీయుల చట్టం 1946లో, నెహ్రూ నాయకత్వంలోని తాత్కాలిక ప్రభుత్వ కాలంలోనే వచ్చింది. తాను విదేశీయుడు కానని నిరూపించుకొనే భారాన్ని అది మనిషి మీదనే మోపింది. విదేశీయులను బహిష్కరించే అధికారానికి హద్దు లేదని 1955లో హాన్స్ ముల్లర్ కేసులో సుప్రీంకోర్టు పలికింది. రాజ్యాంగం 19వ అధికరణం పౌరులకు పరిమితం. 21వ అధికరణం మాత్రం ఏ వ్యక్తికైనా ప్రాణ, స్వేచ్ఛల రక్షణ ఇచ్చింది. అరుణాచల్‌లోని చక్మాల విషయంలో 1996లో అదే కోర్టు ఆ అధికరణాన్నే ఆధారంగా తీసుకొంది. నా దృష్టిలో మన సరిహద్దు న్యాయచరిత్ర అంతా ఈ రెండు తీర్పుల నడుమ ఊగిసలాటే.

2025లో కొత్త చట్టం నాలుగు పాత చట్టాలను తొలగించింది. నిరూపణ భారం మారలేదు. ప్రవేశం విషయంలో ఇమ్మిగ్రేషన్ అధికారి నిర్ణయమే అంతిమమని రాసుకొన్నారు. 1914లో వాంకూవర్‌లో మున్షీ సింగ్ అనే ప్రయాణికుడి దావా అప్పీలు కోర్టు వరకు వెళ్ళింది. ఓడిపోయింది, అయినా విచారణ జరిగింది. మన విమానాశ్రయంలో రాత్రివేళ ఆపివేయబడిన మనిషికి ఆ చట్టంలో అప్పీలు మెట్టు లేదు.