అడ్డపొగ కథ: శ్రీకాకుళంలో ఇంటింటికీ తిరిగి నోళ్లు చూసిన డాక్టర్లు

క్యాన్సర్ రాకుండా ఏం చేయాలో ఒక ఎపిసోడ్ చేయమని చాలామంది అడుగుతున్నారు. నేను డాక్టర్‌ని కాదు, బీటెక్ చేసి కొన్నేళ్లు కోడ్ రాసుకున్నవాణ్ణి. అందుకే మందులూ చిట్కాలూ చెప్పను. చరిత్ర చెప్తాను. అదీ మన ఉత్తరాంధ్ర చరిత్ర.

మా అమ్మమ్మది శ్రీకాకుళం జిల్లా. ఆవిడ చుట్ట కాల్చేటప్పుడు నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుంటుంది. అవును, సరిగ్గానే విన్నారు. వెలుగుతున్న వైపు లోపలికి, చల్లటి వైపు బయటికి. దీన్నే అడ్డపొగ అంటారు, కొన్ని ఊళ్లలో అడ్డచుట్ట అంటారు. చిన్నప్పుడు సెలవులకి వెళ్లినప్పుడు నాకది ఇంద్రజాలంలా ఉండేది. మగవాళ్లకంటే ఆడవాళ్లలోనే ఈ అలవాటు ఎక్కువ. ఎందుకిలా అని అడిగితే తలా ఒక మాట చెప్తారు. గాలికి, వానకి ఆరిపోదని కొందరు. పనిలో చేతులు ఖాళీగా ఉండవు, బూడిద పసిపిల్లల మీద పడుతుందని ఇంకొందరు. పెద్దల ముందు కనపడకుండా ఉంటుందని కూడా అంటారు. చుట్ట మెల్లగా కాలుతుంది కాబట్టి ఎక్కువసేపు వస్తుంది, అదో పొదుపు.

కానీ నోట్లో ఏం జరుగుతుంది? అడ్డపొగ తాగేటప్పుడు నోటిలోపలి గాలి వేడి 120 డిగ్రీల దాకా వెళ్లొచ్చని కొలిచారు. నీళ్లు మరిగేది 100 దగ్గర. ఆ వేడి, పొగాకు పొగ రెండూ నేరుగా తగిలేది అంగిలికి, అంటే నోటి పైకప్పుకి.

గట్టిగా ఉండే ఆ అంగిలి భాగంలో క్యాన్సర్ రావడం ప్రపంచంలో మిగతా చోట్ల చాలా అరుదు. విశాఖపట్నం డాక్టర్లకి మాత్రం అలాంటి కేసులు వస్తూనే ఉన్నాయి. 1957లో డి.జి. రెడ్డి, వి.కె. రావు అనే ఇద్దరు దీనిమీద ఒక వ్యాసం ప్రచురించారు. కోస్తా ఆంధ్రలో అంగిలి క్యాన్సర్‌కి కారణం నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడమేనని దాని శీర్షికలోనే చెప్పేశారు. సిగరెట్ వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుందా రాదా అని పొగాకు కంపెనీలు ఇంకా వాదిస్తున్న రోజులవి.

అయితే ఆసుపత్రికి వచ్చేది జబ్బు ముదిరినవాళ్లే. రానివాళ్ల సంగతేంటి? ఇక్కడ కథలోకి బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వస్తుంది. ఫిజిక్స్‌కి పేరున్న చోట పళ్ల డాక్టర్లకేం పని అని నాకూ అనిపించింది. అక్కడ దంత పరిశోధనకి ఒక విభాగం ఉండేది. ఫాలీ మెహతా అక్కడి డాక్టర్. డెన్మార్క్ నుంచి యెన్స్ పిండ్‌బోర్గ్ ఆయనతో కలిశారు. 1960లలో వాళ్ల బృందం గుజరాత్, కేరళ, బీహార్, ఆంధ్రల్లో ఐదు జిల్లాలు ఎంచుకుని, ఇంటింటికీ తిరిగి 50,915 మంది నోళ్లు చూసింది. ఆంధ్ర నుంచి తీసుకున్న జిల్లా శ్రీకాకుళమే. (అప్పటికి విజయనగరం జిల్లా పుట్టలేదు, అది 1979లో వచ్చింది.)

ఒక్కసారి ఊహించుకోండి. ఎవరో ఊరుగాని ఊరువాళ్లు గుమ్మంలో నిలబడి, "అమ్మా, నోరు తెరువు" అంటే మన మామ్మలు ఊరుకుంటారా? అయినా మన జిల్లాలో 10,169 మంది నోరు తెరిచారు. 1971లో ఆ లెక్కలు బ్రిటిష్ క్యాన్సర్ పత్రికలో వచ్చాయి. చూసినవాళ్లలో 100కి 40 మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్లే! వాళ్ల అంగిలి మీద తెల్లగా మందంగా అవడం, మధ్యలో ఎర్రటి చుక్కలు, కొందరికి ఎర్రగా ఒరిసిపోయిన చోట్లు, ఇలా రకరకాల మార్పులు కనిపించాయి. ఇవన్నీ క్యాన్సర్ కాదు. కానీ క్యాన్సర్ ఇలాంటి చోట మొదలవగలదు, మొదట్లో నొప్పి కూడా ఉండకపోవచ్చు. నొప్పి లేకపోతే మనం చూపించుకోం కదా!

తర్వాత వాళ్లు చేసిన పని నాకు ఇంకా నచ్చింది. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ జిల్లాల్లో 36,471 మంది పొగాకు వాడేవాళ్లని తీసుకుని, ఏటేటా నోరు చూస్తూ, మానమని మనిషి మనిషికీ చెప్పారు. సినిమాలు, రేడియో, పత్రికలు కూడా వాడుకున్నారు. ఐదేళ్ల ఫలితాలు 1986లో లాన్సెట్‌లో వచ్చాయి. మానేసినవాళ్లు గుంపులు గుంపులుగా లేరు, కానీ చెప్పడం వల్ల పెరిగారు. ఎర్నాకుళంలో కొత్తగా తెల్లమచ్చలు రావడం తగ్గింది.

మరి ముందే చూస్తే ప్రాణం నిలుస్తుందా? దానికి జవాబు 2005లో తిరువనంతపురం నుంచి వచ్చింది. అక్కడ శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు నోరు చూసిన పల్లెల్లో, పొగాకో మద్యమో అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ చావులు మూడో వంతు దాకా తగ్గాయి. స్కానింగ్ మిషన్ లేదు. మంచి వెలుతురు, చూడటం తెలిసిన కళ్లు, అంతే.

ఇదంతా చదివాక ఊరెళ్లి అమ్మమ్మని నోరు తెరవమన్నాను. "పళ్లే నేవు, నోరేటి సూత్తావురా?" అంది. ఫోన్ లైట్ వేసి చూస్తే అంగిలి తెల్లగా, మధ్యలో ఎర్ర చుక్కలు. నాకు చేతులు వణికాయి. ఏడాదిగా పచ్చడి తింటే మంటగా ఉందని అంటూనే ఉంది, కట్టుడు పళ్లు ఒరుసుకుంటున్నాయని మేమే సర్దిచెప్పాం. పళ్ల డాక్టర్ చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. పది రోజులు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. క్యాన్సర్ లేదని వచ్చింది. చుట్ట పూర్తిగా మానాలని, ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకోవాలని చెప్పారు.

మానిందా అంటే, ఇంకా లేదు. నిప్పు మాత్రం బయటికి తిప్పింది. "ఇప్పుడు సరేనేటి?" అని అడుగుతోంది. సరి కాదని నేను చెప్తూనే ఉన్నాను. వచ్చే నెల మళ్లీ చూపించాలి, బస్సు టికెట్లు తీసేశాను.